ఇటలీ కొండబండి: స్వారియు సంరక్షణయు

మన పట్టణములలో మోటారు సైకిలు నెఱుగని బాలుడు గాని బాలిక గాని లేరు. పాలవాడు దానికి క్యానులు తగిలించుకొని వచ్చును. ఉపాధ్యాయుడు దానిపై బడికి వచ్చును. పెండ్లివారు దానిపై తిరిగి శుభలేఖలు పంచుదురు. అయితే మన మెఱిగిన ఆ బండి బాటకొఱకు పుట్టినది. బాట యెచ్చట ముగియునో అచ్చట దాని పనియు ముగియును. బాట ముగిసినచోట పని మొదలుపెట్టు మోటారు సైకిలు వేఱొకటి గలదు. దానిని ఐరోపావారు ఎండ్యూరో బండి యందురు. ఓర్పు, సహనము అను అర్థము గల మాటనుండి ఆ పేరు పుట్టినది. రాళ్లు, బురద, ఇసుక, ఏఱు, చెట్టువేళ్లు, నిట్టనిలువు మెట్ట, వీనినెల్ల ఓర్చి నడచునది గనుక ఆ పేరు దానికి తగియున్నది.

మేము ఈ పాఠశాల బల్లలమీద కూర్చుండి చదివినవారము. పిదప ఉద్యోగరీత్యా ఇటలీ దేశమందలి ఫ్లోరెన్సు నగరమునకు పోయి అచ్చట కొన్ని యేండ్లు వసించితిమి. ఆ కాలమున అట్టి బండి నొకదానిని కొని స్వారి నేర్చుకొంటిమి. దానిని మా చేతులతోనే బాగుచేసికొనుటయు నేర్చుకొంటిమి. ఈ రెండవ విద్యను ఆలస్యముగా నేర్చుకొన్నందున మా మిత్రుని ప్రాణమునకే ముప్పు తెచ్చితిమి. ఆ సంగతి చివర విన్నవించెదము. ముందుగా బండి యెట్టిదో, దాని నెట్లు నడుపవలెనో, ఎట్లు కాపాడవలెనో వివరించెదము.

పుట్టుక

ఇటలీకి ఉత్తరమున ఆల్ప్సు పర్వతములు గోడవలె నిలిచియున్నవి. దేశము నడుమ అపెనైను పర్వతములు వెన్నెముకవలె సాగియున్నవి. ఆ కొండపల్లెలకు పూర్వము కంచరగాడిదలు నడచిన రాతిబాటలే దారులు. అట్టి నేల గల దేశమున కొండబండ్ల నిర్మాణము వర్ధిల్లుట వింతగాదు. ఫ్లోరెన్సునకు సమీపమున, ఆర్నో నదీతీరమందలి రిన్యానో అను ఊరిలో బేటా యను సంస్థ గలదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో సైకిళ్లు చేయుటతో దాని పని మొదలయ్యెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట మోటారు సైకిళ్లను చేయసాగిరి. బియాంకి ఎంజో, తోసి అర్రీగో అను ఇరువురి పేర్లలోని తొలియక్షరములను వరుసగా కూర్పగా ఆ పేరు వచ్చినది. అడ్రియాటిక్ సముద్రతీరమున పెజారో పట్టణమందు 1976లో పుట్టిన టి.ఎం. అను సంస్థయు ఇట్టి బండ్లకే ప్రసిద్ధి. 2019లో బ్రాడ్ ఫ్రీమన్ అను ఆంగ్లేయ యువకుడు బేటా బండిపై ప్రపంచ ఎండ్యూరో విజేత యయ్యెను.

ఈ బండ్ల పందెములలో పాతదియు పేరుగలదియు ఆరుదినముల అంతర్జాతీయ పందెము. అది 1913లో ఇంగ్లండునందలి కార్లైలు పట్టణమున మొదటిసారి జరిగెను. 1981 నుండి దాని పేరులో ఎండ్యూరో యను మాట చేరినది. 2021లో ఇటలీలోనే జరిగినప్పుడు ప్రధాన బహుమానము ఇటలీ జట్టునకే దక్కెను. ఆ పందెపు నియమములలో మాకు మిక్కిలి నచ్చిన దొకటి కలదు. బండికి పని పడినచో రౌతే తన చేతులతో చేసికొనవలెను. ఇతరు లెవ్వరును పనిముట్టు పట్టరాదు. ముఖ్యభాగములకు మొదటనే గుర్తులు వేయుదురు గనుక వానిని మార్చుటకు వీలులేదు. దినమెల్ల కొండలలో తిరిగి అలసివచ్చిన రౌతు, ఇచ్చిన కొలది నిమిషములలో చక్రము విప్పి, అరిగిన టైరు తీసి, క్రొత్తది ఎక్కించుకొనవలెను. ఎక్కువచేసి చెప్పుట గాదు, ఈ బండి విషయమున స్వారి సగము, సంరక్షణ సగము.

నిర్మాణము

మేము నడిపినది టూస్ట్రోకు ఇంజను గల బండి. దాని సిలిండరు పరిమాణము 300 ఘన సెంటీమీటర్లకు కొంచెము తక్కువ. ఫోర్‌స్ట్రోకు ఇంజనులో పిస్టను రెండుసార్లు పైకి, రెండుసార్లు క్రిందికి కదలినగాని ఒక ప్రేలుడు జరుగదు. టూస్ట్రోకు ఇంజనులో ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి కదలుసరికే ప్రేలుడు జరుగును. అందువలన ఇంజను చిన్నదైనను బలము పెద్దది. వాల్వులు, వానిని త్రిప్పు సరంజామా లేనందున బరువును తక్కువ. అయితే ఇందు పెట్రోలును గాలియు కలిసి పిస్టను క్రిందనున్న గదిగుండ పోవును గనుక, ఆ గదిలో ఫోర్‌స్ట్రోకు ఇంజనునందువలె చమురు నిలువయుంచుటకు వీలుపడదు. కావున పెట్రోలులోనే చమురు కలుపవలసియుండును. ఆ చమురే పిస్టనునకు, బేరింగులకు ఆధారము.

ఇంధనము లేని బండి బరువు 105 కిలోగ్రాముల ప్రాంతము. మన వీధులలో తిరుగు 350 సీసీ బుల్లెట్టు బరువులో ఇది సగమునకు కొంచెము మించును. సీటు నేలకు 93 సెంటీమీటర్ల యెత్తున నుండును. పొట్టివారు రెండు పాదములు నేల మోపజాలరు. చక్రములు పైకిని క్రిందికిని సుమారు 29 సెంటీమీటర్లు కదలును. బాటబండి చక్రమునకు అందులో సగమైనను కదలిక యుండదు. పెద్దరాయి తగిలినపుడు చక్రము లేచును గాని రౌతు లేవడు. టైరులకు గుబ్బలు గలవు. అవి మన రైతు ట్రాక్టరు చక్రపు గుబ్బలవలె నేలను కఱచి పట్టుకొనును. ప్రక్కకు కూర్చుండుటకు చోటు లేదు, సామాను పెట్టుటకు పెట్టె లేదు. కొండ యెక్కుటకు అవసరము కాని దేదియు దానియందు లేదు.

స్వారి

బాటమీద నడుపువాడు కూర్చుండి నడుపును. కొండదారిలో రౌతు నిలుచుండి నడుపవలెను. పాదములు ఫుట్‌రెస్టులమీద మోపి, మోకాళ్లతో బండిని అదిమి పట్టి, మోచేతులు కొంచెము ప్రక్కలకు ఎత్తి, నడుము వంచి నిలువవలెను. అట్లు నిలిచినపుడు రౌతు బరువు సీటుమీదగాక పాదములమీద పడును. బండి క్రింద ఎట్లు ఊగినను అతని దేహము నిలుకడగా నుండును. పట్టు మోకాళ్లదే గాని చేతులది కాదు. హ్యాండిలును బిగించి పట్టినవాని ముంజేతులు అరగంటలో కొయ్యబారును. పిదప బ్రేకు పట్టుటకు వ్రేళ్లు రావు.

రెండవ నియమము చూపునకు సంబంధించినది. చూపు పోయిన దిక్కునకే బండి పోవును. "ఆ రాయి తగులునేమో" యని రాయివంకనే చూచువాడు తప్పక ఆ రాతికే కొట్టుకొనును. రాతి ప్రక్కనున్న దారిని చూచువాడు ఆ దారినే పోవును. మేము నేర్చుకొను దినములలో చెస్టునట్టు చెట్ల నడుమ ఎన్నిసార్లు పడితిమో లెక్కలేదు. పడిన ప్రతిసారియు మా చూపు ఆ చెట్టుమీదనే యుండెను.

ఎక్కునపుడు మెట్ట మొదటనే తగిన గేరు ఎన్నుకొని, వేగము కూర్చుకొని, దేహమును ముందునకు వంచి, అదరక బెదరక త్రోట్లు నిలుకడగా పట్టవలెను. నడుమ గేరు మార్చబోయిన బండి ఆగును. ఆగినచో వెంటనే క్లచ్చు పట్టరాదు. గేరులోనే యుంచి, ముందుబ్రేకు పట్టిన బండి వెనుకకు జారదు. దిగునపుడు దేహమును వెనుకకు జరిపి, రెండు బ్రేకులను మెల్లగా, విడువక వాడవలెను. బండిని నిలుపు బలములో అధికభాగము ముందుబ్రేకుదే యైనను, వదులునేలపై దానిని ఒక్కసారి బిగించిన ముందుచక్రము జారి రౌతు పడుట నిశ్చయము. పెట్రోలులో చమురు కలిపి నడుపు టూస్ట్రోకు బండికి మఱియొక జాగ్రత్త గలదు. పొడుగాటి దిగుడులో త్రోట్లు పూర్తిగా మూసియుంచిన పెట్రోలు అందదు; పెట్రోలు అందనిచో చమురును అందదు. చక్రములు ఇంజనును త్రిప్పుచునే యుండును గనుక పిస్టను పొడిగా రాచుకొనును. కాబట్టి అప్పుడప్పుడు త్రోట్లు ఒకింత తెఱచి మూయుచుండవలెను.

ఏఱు దాటునపుడు ముందు దిగి, నడచి, లోతు చూడవలెను. ఒకే గేరులో, ఒకే వేగమున, ఆవలి గట్టుమీద చూపు నిలిపి పోవలెను. బండి నీట పడి ఇంజనులోనికి నీరు పోయినచో స్టార్టు చేయ యత్నింపరాదు. గాలి నొక్కిన అణగును గాని నీరు అణగదు; బలవంతముగా త్రిప్పిన పిస్టనునకు ఆధారమైన కడ్డీ వంగిపోవును. స్పార్కుప్లగ్గు విప్పి, బండిని వంచి, నీరు పూర్తిగా వెడలిన పిమ్మటనే మరల ప్రయత్నింపవలెను.

సంరక్షణ

ఈ బండి సంరక్షణను మైళ్లతో లెక్కింపరు. ఇంజను నడచిన గంటలతో లెక్కింతురు. అందుకొఱకు చిన్న గంటల గడియారము బండికి అమర్చియుండును. ఏ గంటకు ఏ పని చేయవలెనో తయారుచేసినవారి పుస్తకమున వ్రాసియుండును. ఆ పుస్తకమే ప్రమాణము. మేము నిత్యము చేయు పనులను మాత్ర మిచ్చట చెప్పుచున్నాము.

మొదటిది ఇంధనము. మేము వాడిన కొలత యాబదింటికి ఒకటి. అనగా 5 లీటర్ల పెట్రోలునకు 100 మిల్లీలీటర్ల టూస్ట్రోకు చమురు. కొలపాత్రతో కొలువవలెను గాని కంటితో అంచనా వేయరాదు. చమురు తక్కువైన పిస్టను పట్టుకొనిపోవును. ఎక్కువైన పొగయు మసియు పెరుగును.

రెండవది గొలుసు. క్రొత్తవారు గొలుసును వీణతీగవలె బిగింతురు, అది పెద్దతప్పు. ఈ బండి వెనుకచక్రము చాల యెత్తు కదలునని చెప్పితిమి గదా! చక్రము పైకి లేచుచుండగా, ఇంజను పళ్లచక్రము, వెనుక చేయి యిరుసు, చక్రపు ఇరుసు, ఈ మూడును ఒకే గీతమీదికి వచ్చు తావున గొలుసు మిక్కిలి బిగియును. కాబట్టి బండి స్టాండుమీద నున్నపుడు గొలుసు వదులుగా కనబడుటయే సరియైనది. బిగించిన గొలుసు తెగును, లేదా బేరింగులను పాడుచేయును.

మూడవది చక్రపు పుల్లలు. చక్రమును గాలిలో త్రిప్పుచు, చిన్న స్పానరుతో ఒక్కొక్క పుల్లను తట్టవలెను. బిగువైనది గంటవలె మ్రోగును. వదులైనది మొద్దుగా పలుకును. నాలుగవది టైరులోని గాలి. రాతినేలమీద మేము 12 మొదలు 14 పౌండ్ల వఱకే పట్టించెడివారము. గాలి తక్కువైన టైరు రాతిని కౌగిలించుకొని పట్టునిచ్చును. మఱీ తక్కువైన ట్యూబు రాతికిని రిమ్మునకును నడుమ నలిగి చిల్లుపడును. అయిదవది స్ప్రింగుల సర్దుబాటు. బండి వెనుకచక్రము ఎత్తియుంచి ఇరుసునుండి మడ్గార్డువఱకు కొలిచి, పిదప రౌతు తన దుస్తులతో ఎక్కిన తరువాత మరల కొలువవలెను. రెంటికిని భేదము 10 సెంటీమీటర్ల ప్రాంతమున నుండవలెను. బరువైన రౌతునకు, తేలికైన రౌతునకు ఒకే స్ప్రింగు సరిపోదు.

అన్నిటికంటె ముఖ్యమైనదానిని కడపటికి ఉంచితిమి. అది గాలి వడపోత. ఇంజను పీల్చు గాలిలో దుమ్ము గలదు. దుమ్మనగా సన్నని రాతిపొడి. అది చమురుతో కలిసిన సానరాతిపొడివలె పనిచేసి పిస్టను వలయములను, సిలిండరు గోడను అరుగదీయును. దానిని ఆపునది నురుగువలె మెత్తనైన ఒక వడపోత మాత్రమే. దుమ్ములో నడిపిన ప్రతి స్వారికి పిమ్మట దానిని తీసి, గాలిదారిని శుభ్రమైన గుడ్డతో మూసి, వడపోతను తగిన ద్రావకములో కడిగి, సబ్బునీటితో మరల కడిగి, మెలిపెట్టక అదిమి పిండి, నీడలో ఆరబెట్టవలెను. పెట్రోలుతో కడిగిన దాని అతుకులు ఊడును. ఆరిన పిదప జిగురుగల వడపోత చమురును అంతట సమముగా పట్టించి, అంచునకు గ్రీజు వ్రాసి, అంచు ఎచ్చటను మడతపడకుండ అమర్చవలెను. పని ఇరువది నిమిషములది. దానిని మఱచినందున మాకు ఏమి జరిగెనో వినుడు.

మా తప్పు

ఒక జూలై నెలలో మేము వడపోతను కడిగి, ఎక్కడికో పోవు తొందరలో చీకటిపడుచుండగా అమర్చితిమి. అంచు ఒకప్రక్క మడతపడినది. మేము చూడలేదు. ఆ వేసవి యంతయు తెల్లని దుమ్ము లేచు దారులలో తిరిగితిమి. ఆగస్టు కడపట బండి బలము తగ్గినట్లు తోచెను. కిక్కు కొట్టినపుడు కాలికి పూర్వమున్న ఎదురుబలము లేదు. పెట్రోలు మంచిది కాదేమో యని మాకు మేమే చెప్పుకొంటిమి. వడపోత పెట్టె తెఱచి చూచుటకు అయిదు నిమిషములు చాలును; ఆ అయిదు నిమిషములు మాకు దొరకలేదు.

సెప్టెంబరు కడపట ఒకనాడు మేమును మా మిత్రుడొకడును ఫ్లోరెన్సునకు తూర్పుననున్న ప్రాతోమాన్యో కొండలలో, స్వారికి అనుమతి గల అటవీమార్గమున పోవుచుంటిమి. సాయంకాలము నాలుగు గంటల వేళ తడిసిన ఆకులమీద అతని ముందుచక్రము జారెను. బండి లోయలోనికి దొరలిపోయెను. అతడు మోకాలి క్రింద ఎముక విరిగి రాళ్లనడుమ పడియుండెను. ఆ లోయలో చేతిఫోనులకు సంకేతము అందదు. మేము మా బండి ఆపి అతనియొద్దకు పరుగెత్తితిమి. కాలికి కొమ్మలు కట్టి, మా కోటు కప్పి, "అరగంటలో మనుష్యులను తెచ్చెద" మని చెప్పి బండియొద్దకు వచ్చితిమి.

బండి స్టార్టు కాలేదు. మీట నొక్కి నొక్కి బ్యాటరీ అయిపోయెను. కిక్కు కొట్టి కొట్టి కాలు తిమ్మిరెక్కెను. పల్లమునకు దొర్లించి గేరు వేసిచూచితిమి. ఇంజను ఒకసారి దగ్గి ఊరకుండెను. అరిగిన వలయముల ప్రక్కనుండి బలమంతయు జారిపోవుచుండగా అది యెట్లు మ్రోగును? చివరకు దానిని చెట్టుకు చేరవేసి నడక సాగించితిమి. పల్లె చేరుటకు రెండున్నర గంటలు పట్టెను. ఆ చీకటిదారిలో మా కాళ్లకంటె మనస్సే యెక్కువ బరువుగా నుండెను. రక్షకబృందమువారు అతనిని చేరునప్పటికి రాత్రి తొమ్మిది గంటలు దాటెను. అయిదు గంటలకు పైగా అతడు ఆ చలిలో ఒంటరిగా పడియుండెను. మఱికొంత ఆలస్యమైనచో కాలు విరుగుట కాదు, చలియే ప్రాణము తీసెడిదని వైద్యులు చెప్పిరి.

ఆసుపత్రిలో అతడు మమ్ము ఒక్కమాటయు అనలేదు. మూడవనాడు మాత్రము, "వడపోత నెప్పుడు చూచితివి?" అని మెల్లగా అడిగెను. మాకు మాట రాలేదు. ఇంజను విప్పినపుడు సిలిండరు గోడమీద నిలువు గీతలు, కాగితమువలె పలుచనైన వలయములు కనబడెను. బండి చేసినవారి తప్పు ఇసుమంతయు లేదు. అది రెండు నెలలు మమ్ము హెచ్చరించుచునే యుండెను. మా మిత్రుడు మఱుసటి వసంతమున మరల నడచెను. వేసవిలో మరల బండియెక్కెను. మేమును ఎక్కితిమి. అయితే నాటినుండి బండి చూడకుండ రాత్రి భోజనమునకు కూర్చుండలేదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో అనేకులకు ఇట్టి బండి చేతికి రాకపోవచ్చును. కాని మీ యింట సైకిలుండును, కుట్టుమిషను ఉండును, పొలమున నీటిపంపు ఉండును. వాని భాషయు ఇదియే. శబ్దము మారుట, బలము తగ్గుట, వేడి పెరుగుట, ఇవి యంత్రము చెప్పు మాటలు. వినినవానికి పని చిన్నది. విననివానికి నష్టము పెద్దది. ఆ నష్టము ఒక్కొక్కసారి వినని వానికిగాక ప్రక్కవానికి కలుగును. అదియే మాకు మిక్కిలి బాధాకరము.

తల్లిదండ్రులకును ఒక మనవి. మన దేశమున గేరు బండి నడుపుటకు 18 ఏండ్లు నిండి, లైసెన్సు పొందియుండవలెను. అంతవఱకు పిల్లలచేతికి తాళపుచెవి నీయక స్పానరు నిండు. గొలుసునకు చమురు వేయుట, పంక్చరు వేయుట, బ్రేకు సరిచూచుట నేర్పుడు. పిదప ఎక్కినపుడు హెల్మెట్టు లేక కదలనీయకుడు. పరుల చేనుమీదుగా పోవుట, పశువులను బెదరించుట, నడచువారిపై బురద చిమ్ముట రౌతుదనము కాదు. ఎదురుగా నడకవాడు కాని గొఱ్ఱెలమంద కాని వచ్చినచో ఇంజను ఆపి దారినిచ్చుటయే మంచి రౌతు లక్షణము.

ఆ పాడైన పిస్టను నేటికిని మా వ్రాతబల్లమీద నున్నది. కాగితములు ఎగురకుండ దానిని వానిపై పెట్టుచుందుము. ఈ వ్యాసము వ్రాసిన కాగితములమీదను అదియే యున్నది.